పదో రోజు కుట్లు

2022 ఆగస్టులో మా ఆయనకు నడుము ఆపరేషన్ అయింది. మూడో రోజు పొద్దున డ్యూటీ డాక్టరు వచ్చి గాయం చూసి, "ఈ రోజు డిశ్చార్జి చేసేస్తామమ్మా" అన్నాడు. ముప్పై అయిదేళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా పని చేసినదాన్ని. ఆ మాట ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. అయినా ఆ పూట నా అరికాళ్లు చల్లబడ్డాయి. కుట్లు ఇంకా విప్పలేదు. మనిషి మంచం దిగి నాలుగడుగులు వేసి ఒక్కరోజే అయింది. నేనెరిగిన వార్డులో ఇలాంటి పేషెంటును ఎవరూ ఇంటికి పంపేవాళ్లు కారు.

ఇల్లంటే బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మా అబ్బాయి అద్దెకుండే ఫ్లాటు. ఆసుపత్రికి రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. కారు ముందు సీటును వెనక్కి వాల్చి, నడుము కింద మడిచిన దుప్పటి పెట్టి కూర్చోబెట్టాం. మా ఆయన ఆర్టీసీలో ఇరవై తొమ్మిదేళ్లు బస్సు నడిపారు. ఆ నడుము అరిగింది కూడా ఆ సీట్లోనే. కుందలహళ్లి దగ్గర ప్రతి హంపుకీ ముందుగానే పిడికిలి బిగించి, "సెకండ్ గేర్లో మెల్లగా ఎక్కించు నాయనా" అని కొడుక్కి చెప్తూనే ఉన్నారు.

నా ఒళ్లో డిశ్చార్జి ఫైలుంది. నాలుగు పేజీలు, అన్నీ ఇంగ్లీషులో. ఎల్4–ఎల్5 మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కుతోందని, మైక్రోడిస్కెక్టమీ చేశామని, ఏ మందు ఎన్ని పూటలని, పద్నాలుగో రోజు రమ్మని రాశారు. ఆపరేషన్ చేసిన చేతులకు దండం పెడతాను. ఎడమ కాలిలో మంట టేబుల్ మీదే పోయింది. కానీ ఆ ఫైలును మా అబ్బాయికి ఐదారు నిమిషాల్లో వివరించి సంతకం తీసుకున్న వాళ్లు, ఇంట్లో రాత్రి ఆయన పక్కన పడుకునేది ఎవరని అడగలేదు. బాత్రూమ్‌లో కమోడ్ ఉందా, లిఫ్టు ఉందా, మంచం ఎంత ఎత్తు అని అడగలేదు. నేను నర్సును కాబట్టి సరిపోయింది. పక్క గదిలో హోసకోట నుంచి వచ్చిన ముసలాయనకు ఎవరున్నారో నాకు తెలియదు.

ఆ రాత్రి ఆయన పక్కన చాప వేసుకుని పడుకుంటే నిద్ర పట్టలేదు. ఒకప్పటి పది రోజులు రెండు రోజులయ్యాయి, సరే. మిగిలిన ఎనిమిది ఎక్కడికి పోయినట్టు?

నేను ఉద్యోగంలో చేరింది 1982లో, చిత్తూరు జిల్లాలో. ఆ రోజుల్లో సర్జికల్ వార్డు గడియారంతో కాదు, కుట్లతో నడిచేది. హెర్నియా అయినా అపెండిక్స్ అయినా లెక్క ఒక్కటే. మొదటి రోజు తడిగుడ్డతో పెదాలు అద్దడం. మూడో రోజు రౌండ్స్‌లో డాక్టరు వేసే మొదటి ప్రశ్న "గాలి పోయిందా?" పోతే గంజి నీళ్లు. ఏడో రోజు కుట్లలో ఒకటి విడిచి ఒకటి, పదో రోజు మిగతావన్నీ. విప్పిన కుట్ల నూలు ట్రేలో పడ్డాకే డిశ్చార్జి మాట. పేషెంటు మంచం కింద తల్లో భార్యో చాప పరుచుకుని ఉండేది. ఆసుపత్రి వెనక చింతచెట్టు కింద మూడు రాళ్లు పెట్టి వంట. పదిరోజుల్లో ఆమెకు అన్నీ వచ్చేసేవి. గాయం ఎర్రబడితే గుర్తుపట్టడం, ఒళ్లు తుడవడం, పక్కకు తిప్పడం, మూత్రం ఎంత అయిందో కళ్లతో అంచనా వేయడం, అన్నీ మమ్మల్ని చూసి నేర్చుకునేది. మేమెవరమూ దాన్ని చదువు అనుకోలేదు, ఆమె కూడా అనుకోలేదు. ఇంటికి పోయేటప్పుడు చేతిలో అరకాగితం చీటీ ఉండేది, అంతే. చదువు ఆమె చేతుల్లో ఉండేది.

ఆ కాలమంతా బంగారమని నేననను. మంచం మీద ఉంచినందుకే పిక్కలు వాచి రక్తం గడ్డ కట్టినవాళ్లను, కఫం పట్టి ఆయాసపడ్డవాళ్లను, పిరుదుల మీద పుండ్లు పడ్డవాళ్లను నా చేతులతోనే చూసుకున్నాను. చీటీ మీద రెండు వారాలకు రమ్మని రాస్తే తిరిగి వచ్చేవాళ్లు తక్కువ. బస్సు ఛార్జీ, పోయే కూలి, రెండూ లెక్కేసుకుని ఆగిపోయేవాళ్లు. వాళ్ల సంగతి ఎప్పుడో సంతలో ఎవరో చెప్తే తెలిసేది.

తిరిగి రప్పించడంలో మాకంటే పుత్తూరు కట్టువాళ్లే మేలనిపించేది. పుత్తూరు దగ్గర రాచపాళెంలో రాజుల కుటుంబం తరతరాలుగా ఎముకలకు కట్టు కడుతోంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. మా నాయన చెయ్యి విరిగినప్పుడు నేనూ వెంట పోయాను. కట్టు కట్టి, పథ్యం చెప్పి, ఫలానా రోజు మారుకట్టుకు రావాలన్నారు. ఆ రోజుకు మా నాయన వరికోత మధ్యలో వదిలేసి పోయాడు. బిగించిన కట్టు ఒంటి మీదుంటే తేదీ మర్చిపోవడం ఎవరి వల్లా కాదు. ఎముక అతకని కేసులు కూడా మా వార్డుకే వచ్చేవి, నిజమే. అయినా ఆ రోజుకు జనం తప్పక తిరిగి పోవడం నేను కళ్లారా చూశాను.

ఆపరేషన్ తర్వాతి సేవను మనవాళ్లు ఏనాడో ఒక అధ్యాయంగా రాసిపెట్టారని రిటైరయ్యాక చదివి ఆశ్చర్యపోయాను. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో పంతొమ్మిదో అధ్యాయం పేరు వ్రణితోపాసనీయం, అంటే గాయమైనవాడిని చూసుకునే పద్ధతి. ముందు ఇల్లు. గాలి వీచి కొట్టని, ఎండ పడని, శుభ్రమైన గది. తర్వాత మంచం. ఇరుకు లేకుండా, మెత్తగా. దగ్గరి స్నేహితులు కూర్చుని మంచి కబుర్లు చెప్పాలి. పగటి నిద్ర కూడదు. లేవడం, కూర్చోవడం, పక్కకు తిరగడం జాగ్రత్తగా చేయాలి. నడుము ఆపరేషన్ అయినవాళ్లకు ఫిజియోథెరపిస్టు నేర్పే మొదటి పాఠం కూడా పక్కకు తిరగడమే. భుజమూ తుంటీ ఒకేసారి, దుంగ దొర్లినట్టు.

తినకూడని వాటి జాబితా కూడా అక్కడే ఉంది. కొత్త ధాన్యం, మినుములు, నువ్వులు, ఉలవలు, పులుపు, పాలు, పెరుగు. చీము పెంచుతాయట. మా ఆడపడుచు పలమనేరు నుంచి దిగీ దిగగానే, "వదినా, పప్పు పెట్టొద్దు, చీము పడతాది. వంకాయ, గోంగూర, గుమ్మడికాయ మాటెత్తొద్దు" అంది. ఆమె ఆ గ్రంథం చూడలేదు. వాళ్లమ్మ చెప్పింది, ఆమెకు వాళ్లమ్మ చెప్పింది. నేను పప్పూ పెట్టాను, రోజుకు రెండు గుడ్లూ పెట్టాను. కోసిన కండ మాంసకృత్తులు లేకుండా పూడదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను, ఎన్నో వార్డుల్లో పథ్యం పేరుతో మానకుండా ఉండిపోయిన గాయాలు చూశాను. కానీ ఆమె బీరకాయ, పొట్లకాయ పెట్టమన్నది మాత్రం నూటికి నూరుపాళ్లు సరి. నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి, ముక్కితే నడుము మీద భారం పడుతుంది. ఫైలులో విరేచనం మందు పేరుంది, బీరకాయ లేదు.

డిస్కు ఆపరేషన్ వయసు ఇంకా నూరేళ్లు కాలేదు. 1932 డిసెంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో మిక్స్టర్ అనే సర్జన్ ఒక రోగి నడుము తెరిచి ఒక ముక్క తీశాడు. అలాంటి ముక్కల్ని అంతకుముందు కంతి అనుకునేవారు. అది కంతి కాదు, పగిలి బయటికొచ్చిన డిస్కేనని తేల్చి మిక్స్టర్, ఆయన తోటి డాక్టరు బార్ ఇద్దరూ కలిసి 1934లో వ్యాసం రాశారు. తుంటి నుంచి కాలిలోకి దిగే ఆ మంటకు కారణం అప్పుడు దొరికింది. ఆపరేషన్ తర్వాత మాత్రం రోగిని రెండు మూడు వారాలు కదలనిచ్చేవారు కాదు. 1947లో ఇంగ్లండులో రిచర్డ్ ఆషర్ అనే డాక్టరు మంచం వల్ల వచ్చే కీడులన్నీ వరసగా రాసి ప్రచురించాడు. నా వార్డులో నేను చూసినవే, పిక్కల్లో గడ్డ, ఊపిరితిత్తుల్లో కఫం, వీపు పుండ్లు. 1977లో యాసర్గిల్, కాస్పర్ అనే సర్జన్లు మైక్రోస్కోపు కింద చిన్న కోతతో డిస్కు తీసే పద్ధతిని వెల్లడించారు. 1986లో అమెరికాలో డేయో బృందం మామూలు నడుంనొప్పికి రెండు రోజుల విశ్రాంతి వారం రోజుల విశ్రాంతికి తీసిపోదని, పనికి పోని రోజులు పైగా తగ్గుతాయని చూపించింది. ఇవన్నీ కలిసి మంచాన్ని కుదించాయి. అది మంచికే జరిగింది. మా ఆయన రెండో రోజే నడవబట్టి పిక్కలు మెత్తగా ఉన్నాయి.

మంచం కుదించుకుపోయినప్పుడు దాని పక్కనుండే మనిషి సంగతి ఏమైందన్నది నా బాధ. ఈ ప్రశ్నకు మన దక్షిణాదిలోనే జవాబు దొరికింది, అదీ క్షయ రోగం దగ్గర. మా పెద్దమ్మ 1950ల్లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో పద్నాలుగు నెలలుంది. 1915 నుంచి నడుస్తున్న ఆసుపత్రి అది. అప్పట్లో క్షయకు ఊరికి దూరంగా పడక, గాలి, తిండి అనేవారు. 1956లో మద్రాసులో పరిశోధకులు రోగుల్ని రెండుగా విడదీశారు. సగం మంది శానిటోరియంలో, సగం మంది తమ ఇరుకు ఇళ్లలో, మందులు మాత్రం ఇద్దరికీ ఒకటే. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్లూ ఇంచుమించు అంతే బాగా కోలుకున్నారు. ఇంట్లో ఉన్న మిగతావాళ్లకు జబ్బు ఎక్కువగా అంటనూ లేదు. ప్రపంచమంతా శానిటోరియాలు మూతపడటానికి అదొక పెద్ద కారణం. అయితే ఆ ఇళ్లకు హెల్త్ విజిటర్లు పోయేవాళ్లు. మాత్రలు లెక్కపెట్టేవాళ్లు, మనిషిని చూసేవాళ్లు. పడకను ఇంటికి పంపినప్పుడు దాని వెంట ఒక మనిషినీ పంపారు. ఆ రెండో సగాన్ని మనం తొందరగా మర్చిపోయాం.

వెల్లూరు మర్చిపోలేదు. చిత్తూరుకు వెల్లూరు ముప్పై అయిదు కిలోమీటర్ల దూరం, మా జిల్లావాళ్లకు పెద్ద జబ్బంటే అక్కడి సీఎంసీ ఆసుపత్రే. దేశంలో మొట్టమొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని జాకబ్ చాండీ అక్కడ 1949లో మొదలుపెట్టారు. అక్కడి డాక్టరు మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోయాయి. తాను చక్రాల కుర్చీలో ఉండే కుష్ఠురోగుల చేతులకు ఆవిడ ఆపరేషన్లు చేశారు. తర్వాత పునరావాస వైద్యం చదివొచ్చి, 1966లో బాగాయంలో పునరావాస కేంద్రాన్ని తెరిపించారు. 1980ల చివర్లో చెట్టు మీది నుంచి పడిన మా ఊరి కుర్రాడికి తోడుగా నేనక్కడికి పోయాను. చేరిన వారంలోనే వాళ్లు అడిగిన ప్రశ్నలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. మీ ఇంటి గడప ఎంత ఎత్తు? నీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తారు? మరుగుదొడ్డి ఉందా, పొలమా? రాత్రి వీణ్ణి పక్కకు తిప్పేదెవరు? ఇంటికి పోవడం ఆఖరి రోజు సంగతి కాదు, చేరిన రోజు నుంచే మొదలవుతుందని నేను నేర్చుకుంది అక్కడ. పాత రోగుల్ని ఏటా మేళా పేరుతో మళ్లీ పిలిచి చూసుకునే అలవాటు కూడా వాళ్లకుంది.

నేనిప్పుడు ఉంటున్న ఈ వైపు చరిత్ర వేరు. వైట్‌ఫీల్డ్ 1882లో మైసూరు మహారాజు చామరాజ ఒడెయరు యూరేషియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు ఇచ్చిన 3,900 ఎకరాల్లో పుట్టింది. మద్రాసు వైట్ దొర పేరు దానికి వచ్చింది. చుట్టూ మారతహళ్లి, వర్తూరు ఊళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడే రెడ్ల కుటుంబాలు ఐటీ కంపెనీలు రాకముందు నుంచీ ఉన్నాయి. 1990ల్లో టెక్ పార్కు వచ్చాక కుందలహళ్లి పొలాలు లేఅవుట్లయ్యాయి, మా జిల్లాల పిల్లలు ఈ ఫ్లాట్లలో చేరారు, వాళ్ల వెనకే నడుములరిగిన మాలాంటి తల్లిదండ్రులం వచ్చాం. 2001 జనవరి 19న వైట్‌ఫీల్డ్‌లో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని ప్రధాని వాజపేయి ప్రారంభించారు. గుండె, మెదడు, వెన్ను ఆపరేషన్లకు అక్కడ డబ్బు కట్టే పని లేదు. మా ఆసుపత్రి నుంచి నేనే చీటీ రాయించి ముగ్గురిని పంపాను. అదే వైపు వైదేహి ఆసుపత్రి చిత్తూరు మాజీ ఎంపీ డీకే ఆదికేశవులు పెట్టింది. నడుము చికిత్సకు రాయలసీమ మనిషి రైలెక్కి వైట్‌ఫీల్డ్ స్టేషన్లో దిగడం అలా మామూలైంది.

డిశ్చార్జి తర్వాతి రోజులకు కూడా డబ్బవుతుందని ఒప్పుకున్న ప్రభుత్వ పథకం ఒకటి మన దగ్గరే వచ్చింది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. అదొచ్చాక ఆసుపత్రి మెట్ల దగ్గర ఆరోగ్యమిత్ర అనే మనిషి కూర్చున్నాడు. పేదవాడికి దారి చెప్పడానికి ఒక కుర్చీ వేయడం నా సర్వీసులో అదే మొదలు. 2019 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ కార్డుకు బెంగళూరు, హైదరాబాదు, చెన్నై ఆసుపత్రుల్లోనూ వీలు కలిగింది. నెల తిరిగాక డిసెంబరు 2న ఆరోగ్య ఆసరా అన్నారు. నిర్ణయించిన ఆపరేషన్ల తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు రూ. 225, నెలకు రూ. 5,000 దాకా ఇస్తామన్నారు. 1980ల్లో నా చీటీ పట్టుకుని తిరిగి రాని కూలివాళ్లందరూ ఆ వార్త విన్న రోజు నాకు గుర్తొచ్చారు. వాళ్లు రాకపోవడానికి కారణం అజ్ఞానమని మా మేట్రన్ అనేది. రోజు కూలి అని ఒక జీవో ఒప్పుకోవడానికి అంతకాలం పట్టింది. ప్రైవేటు బీమాలో కూడా డిశ్చార్జి తర్వాత 60 రోజుల ఖర్చులు రావడం చాలా పాలసీల్లో ఉంది. 2020లో వచ్చిన ఆరోగ్య సంజీవనిలోనూ ఉంది. ఫిజియోథెరపీ బిల్లులు, మందుల బిల్లులు దాచుకోవాలని ఎవరైనా చెప్తేనే అవి అక్కరకొస్తాయి.

వెల్లూరు నేర్పిన ప్రకారం మా ఇంట్లో ఏర్పాట్లు ఆపరేషన్‌కు వారం ముందే మొదలయ్యాయి. మంచం మోకాలి ఎత్తుకు రావాలని కింద చెక్కలు వేయించాను. బాత్రూమ్‌లో కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ బిగించారు. నేల మీది చాపలు, కాలు తగిలే వైర్లు తీయించాను. వంటింట్లో కింది అరలోవన్నీ గట్టు మీదికి తెచ్చాం, అడుగున వస్తువుందంటే మా ఆయన వంగకుండా ఉండలేరు. కోడలు ఇంటి నుంచే పని చేస్తానని ఆఫీసులో చెప్పుకుంది. రాత్రులు నావి, పగలు ఆమెవి.

ఇంటికొచ్చిన మర్నాడు ఫైలు ముందు పెట్టుకుని, పాత క్యాలెండరు కాగితం వెనక తెలుగులో రాశాను. లేచేది పక్కకు తిరిగి మోచేతి మీద. కూర్చునేది ఇరవై నిమిషాలు, ఆపైన నిలబడటమో పడుకోవడమో. నడక రోజుకు నాలుగైదు సార్లు, కారిడార్లో ఈ చివరి నుంచి ఆ చివరికి. వంగడం, మెలితిరగడం, బరువెత్తడం ఆరు వారాలు లేదు, నీళ్ల బకెట్టు అసలే లేదు. దాని కింద ఎర్ర సిరాతో ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాల్సినవి. మూత్రం ఆగిపోయినా తెలియకుండా పోయినా, మర్మాంగాల చుట్టూ స్పర్శ పోయినా, పాదం జారిపోతున్నా, చలిజ్వరం వచ్చినా, గాయం నుంచి నీరు గానీ చీము గానీ కారినా, ఒక పిక్క వాచినా. ఆ ఎర్ర సిరా వరసలో మొదటిది మా ఆడపడుచుకు బట్టీ పట్టించాను, రాత్రి నేను కునుకు తీసినా ఆమెకు తెలియాలని.

అయిదో రాత్రి రెండింటికి ఆయన లేపారు. "ఏమే, పొద్దుట్నుంచీ ఒకటికి సరిగా రాలేదు." నా గుండె ఆగినంత పనైంది. టార్చి వేసుకుని తొడల లోపలి వైపు దూదితో తాకి చూశాను, అన్నిచోట్లా తెలుస్తోంది. పాదాలు పైకెత్తమన్నాను, ఎత్తారు. పొత్తికడుపు గట్టిగా ఉంది. మూడు రోజులుగా విరేచనం కాలేదని అప్పుడు చెప్పారు. ఆసుపత్రికి ఫోన్ చేసి అన్నీ వివరించాం, వాళ్లు చెప్పిన మందు వేశాం. తెల్లారేసరికి రెండూ తేలికయ్యాయి. చింతచెట్టు కింద వంట చేసుకుంటూ మమ్మల్ని గమనించిన ఆ ఆడవాళ్లకైతే ఇది మొదటిరోజే తెలిసేది. ఇప్పటి కోడళ్లకు చూసి నేర్చుకోవడానికి వార్డులో రెండే రోజులు దొరుకుతున్నాయి. అందులో ఒకరోజు బిల్లింగు కౌంటరు దగ్గరే గడిచిపోతోంది.

పద్నాలుగో రోజు కుట్లు విప్పించుకొచ్చాం. ఆరో వారానికి ఆయన పొద్దున్నే కింద గేటు దాకా, తర్వాత మెయిన్ రోడ్డు దాకా నడిచారు. ఆ క్యాలెండరు కాగితం ఫ్రిజ్ మీద చాలాకాలం ఉంది.

మొన్న కింది ఫ్లోరు అమ్మాయి వచ్చింది. అనంతపురం పిల్ల. వాళ్లమ్మకు వచ్చే వారం నడుములో స్క్రూలు వేస్తారట. "ఆంటీ, మీ దగ్గర ఏదో చీటీ ఉందంట గదా" అంది. పాతది మాసిపోయింది. కొత్త కాగితం తీసి మొత్తం మళ్లీ రాశాను, స్క్రూల ఆపరేషన్ వేరు కాబట్టి కొన్నిచోట్ల ఖాళీ వదిలి, వాళ్ల డాక్టరును అడిగి నింపుకోమన్నాను. కాగితం పైన, మందుల కంటే ముందు, ఈసారి ఒక వరుస చేర్చాను: "రాత్రి పక్కన ఎవరు?" దాని ఎదురుగా గీత గీసి కలం ఆమె చేతికిచ్చాను. కాసేపు ఆలోచించి తన పేరు రాసింది, కొట్టేసింది, పక్కనే వాళ్ల పిన్ని పేరు రాసి, బస్సు ఎప్పుడుందో కనుక్కోవడానికి అక్కడే నిలబడి ఫోన్ చేసింది.